మల్టిపుల్ స్క్లీరోసిస్‌లో పిలాటీస్ వ్యాయామం

మల్టిపుల్ స్క్లీరోసిస్ వ్యాధి వలన నడకలో పట్టు తప్పినవారికి ఫిజియోథెరపీలో భాగంగా నేర్పే వ్యాయామాలలో పిలాటీస్ ఒకటి. కడుపు, నడుము, కటి భాగాల కండరాలను బలపరచి తూలుడు తగ్గించడం దీని ఉద్దేశం. ఇది వ్యాధిని నయం చేయదు, మందులకు బదులు కాదు.

వ్యాధి

మెదడు, వెన్నుపాములలోని నరాల తంతువులపై మైలిన్ అనే కొవ్వు పొర ఉంటుంది. శరీర రక్షణ వ్యవస్థే ఈ పొరను దెబ్బతీయడం వలన సంకేతాలు మందగిస్తాయి లేదా ఆగిపోతాయి. కాళ్ళు బిగుసుకొనడం, తిమ్మిరి, చూపు మసకబారడం, విపరీతమైన అలసట ముఖ్య లక్షణాలు. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1868లో దీనిని ప్రత్యేక వ్యాధిగా వర్ణించాడు. ఇది ఎక్కువగా 20 - 40 ఏళ్ళ మధ్య, పురుషులలో కంటే స్త్రీలలో అధికంగా బయటపడుతుంది. భారతదేశంలో 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం దీనిని వైకల్యాల జాబితాలో చేర్చింది.

వ్యాయామ పద్ధతి

జర్మనీలో జన్మించిన జోసెఫ్ పిలాటీస్ (1883 - 1967) ఈ పద్ధతికి ఆద్యుడు. ఆయన దీనిని ఈ వ్యాధి కోసం రూపొందించలేదు. ఆయన పెట్టిన పేరు కంట్రాలజీ. రోగులకు నేర్పేవి తేలిక రూపాలే. వెల్లకిలా పడుకొని, మోకాళ్ళు మడిచి, ఊపిరి వదులుతూ పొత్తికడుపును లోనికి లాగి ఒక్కొక్క మడమను మెల్లగా ముందుకు జరపడం వాటిలో ఒకటి. అదే స్థితిలో నడుము పైకెత్తే వ్యాయామం యోగా తెలిసినవారికి సేతుబంధాసనాన్ని గుర్తుచేస్తుంది. వీటికి యంత్రాలు అక్కరలేదు, నేలపై చాప చాలు. నేల మీదికి దిగలేనివారు గట్టి బల్ల మంచంపై చేయవచ్చు. నులక మంచంలో నడుము కుంగిపోతుంది కనుక అది పనికిరాదు.

పరిశోధనలు

బ్రిటన్‌లో 100 మంది రోగులపై జరిపి 2016లో ప్రచురించిన ప్రయోగంలో, పిలాటీస్ చేసినవారి నడక కేవలం విశ్రాంతి పద్ధతులు నేర్చినవారి కంటే చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదు. 2017లో వెలువడిన ఇజ్రాయెల్ అధ్యయనంలో 45 మంది పాల్గొన్నారు. అందులో పిలాటీస్, మామూలు ఫిజియోథెరపీ రెండూ నడకను, నిలకడను మెరుగుపరచాయి గాని ఏది మేలో తేలలేదు. కనుక పిలాటీస్ శిక్షకులు దొరకని ఊళ్ళలోని రోగులు సాధారణ ఫిజియోథెరపీతో నష్టపోయేది ఏమీ లేదు.

ఎండ ప్రభావం

శరీరం వేడెక్కితే ఈ వ్యాధి లక్షణాలు తాత్కాలికంగా పెరుగుతాయి. 1890లో జర్మన్ నేత్రవైద్యుడు ఊటాఫ్ దీనిని గుర్తించాడు. ఈ భయంతోనే వైద్యులు చాలాకాలం రోగులను వ్యాయామానికి దూరంగా ఉంచారు. దేహం చల్లబడితే లక్షణాలు తగ్గుముఖం పడతాయి, వ్యాధి ముదిరినట్లు కాదు. అయితే హనుమంతునిపాడు, మార్కాపురం, గిద్దలూరు వంటి ప్రాంతాలలో వేసవి ఎండలు తీవ్రం. ఇక్కడి రోగులు తెల్లవారుజామున, ఫ్యాను కింద, మధ్యమధ్య ఆగుతూ చేయడం మంచిది. తడిగుడ్డ మెడపై వేసుకోవడం కూడా ఉపయోగకరమే. కొత్తగా వచ్చిన బలహీనత లేదా చూపు మందగింపు ఒక రోజు దాటి కొనసాగితే దానిని ఎండకు అంటగట్టక, వ్యాయామం ఆపి నరాల వైద్యునికి చూపించాలి.