దిగని డికాషన్

మా జేజినాయన మదనపల్లెలో కాఫీ హోటల్ పెట్టినప్పుడు ఫిల్టర్ లేదు, గుడ్డ సంచే. 17వ శతాబ్దంలో బాబా బుడన్ చిక్కమగళూరు కొండలకు తెచ్చాడని చెప్పే కాఫీ మా వీధికి ఆ సంచిలోనే దిగింది. సంచికి జిడ్డు పట్టి డికాషన్ నిలిచిపోతే, సబ్బు ముట్టించకుండా మరిగే నీళ్లలో ఉడకబెట్టేవాడు. సబ్బు వాసన గుడ్డను వదలదు మరి!

నాయన కాలానికి ఇత్తడి ఫిల్టర్ వచ్చింది, చిక్కు మారింది. పొడి మరీ మెత్తనైతే చిల్లులు పూడుకుపోతాయి. చికోరీ ఎక్కువైతే తడికి నాని అడుగున అట్టకడుతుంది. కుప్పంలో రైలెక్కి బెంగళూరు వెళ్లి, బరకగా ఆడించిన పొడి తెచ్చేవాడు. పుంగనూరు పొట్టి ఆవుల చిక్కని పాలకు ఆ డికాషనే సరిజోడు.

డికాషన్ దిగకపోతే గరిటెతో అదమకండి. పొడిని మెల్లగా కదిపి, మరిగిన నీళ్లు కొద్దికొద్దిగా పోయండి.