లైసెన్సు ఏదీ?

మెల్‌బోర్న్‌లోని సదరన్ క్రాస్ స్టేషన్‌లో రైలెక్కితే గంటన్నరలో బల్లారట్. అక్కడి సావరిన్ హిల్‌కు వెళ్లే తెలుగు విద్యార్థులు మొదట అడిగేది ఒకటే: బంగారం నిజంగా దొరుకుతుందా? దొరుకుతుంది. వాగులో వంగి పళ్లెంతో ఇసుకను గాలిస్తే అడుగున నలుసులు మెరుస్తాయి. దొరికినది ఇంటికి తీసుకెళ్లొచ్చు. దానితో చదువు అప్పు మాత్రం తీరదు.

1970లో తెరిచిన ఈ ఆరుబయటి మ్యూజియం 1850ల నాటి గనుల ఊరిని మళ్లీ నిలబెట్టింది. ఒక కొట్టులో పాకం కాచి పిప్పరమెంట్లు చేస్తుంటారు. మరోచోట కరిగిన బంగారాన్ని అచ్చులో పోసి కడ్డీ చేసి చూపిస్తారు. ఎర్రకోటు సిపాయిలు వీధిలో కవాతు చేసి తుపాకులు పేలుస్తారు. ఫోన్లన్నీ పైకి లేచేది అప్పుడే. ఆ సిపాయిలు ఎవరి మీదికి వచ్చారన్నది తెలిస్తేనే ఈ ఊరు అర్థమవుతుంది.

బల్లారట్‌లో 1851లో బంగారం బయటపడింది. ఆ నేల వాదవురుంగ్ ఆదివాసులది. వాళ్లను అడిగినవాడు లేడు. బల్లారట్, మెల్‌బోర్న్ ఉన్న విక్టోరియా జనాభా 1851లో 77 వేలు, పదేళ్లకు 5 లక్షల 40 వేలు. తవ్వేవాడికి బంగారం దొరికినా దొరక్కపోయినా లైసెన్సు కట్టాల్సిందే. మొదట నెలకు 30 షిల్లింగులు, తర్వాత ఒక పౌను. ఓటు లేదు, భూమి లేదు, పన్ను మాత్రం ఉంది. గవర్నర్ హోథమ్ 1854లో వారానికి రెండుసార్లు లైసెన్సు తనిఖీలు పెట్టించాడు. కాగితం జేబులో లేకుంటే పట్టుకుపోవడమే. పోలీసులు కనిపిస్తే తవ్వకందారులు 'జో! జో!' అని కేకలు పెట్టి గుంటల్లో ఉన్నవాళ్లను హెచ్చరించేవారు. అంతకుముందటి గవర్నర్ చార్లెస్ జోసెఫ్ లా ట్రోబ్ పేరుకు అదో వెక్కిరింత.

అదే ఏడాది అక్టోబరులో జేమ్స్ స్కోబీ అనే తవ్వకందారు యురేకా హోటల్ దగ్గర హత్యకు గురయ్యాడు. హోటల్ యజమానిని వదిలేశారు. జనం హోటల్‌ను తగలబెట్టారు. నవంబరు చివర్లో లైసెన్సులు కాల్చేసి, నీలం గుడ్డ మీద తెల్ల శిలువ, అయిదు నక్షత్రాలున్న జెండా ఎగరేశారు. ఐర్లాండ్ నుంచి వచ్చిన పీటర్ లాలర్ వాళ్లకు నాయకుడు. దుంగలు అడ్డంపెట్టి కోట కట్టారు. డిసెంబరు 3, ఆదివారం తెల్లవారుజామున సైన్యం విరుచుకుపడింది. పావుగంట, ఇరవై నిమిషాల్లో అంతా ముగిసింది. కనీసం 22 మంది తవ్వకందారులు చనిపోయారు. లాలర్ చెయ్యి పోయింది.

ఓడిపోయింది వాళ్లే. కానీ రాజద్రోహం కేసులో నిలబెట్టిన 13 మందినీ మెల్‌బోర్న్ జ్యూరీలు నిర్దోషులుగా వదిలేశాయి. ముందుగా విడుదలైన జాన్ జోసెఫ్ అనే అమెరికన్ నల్లజాతీయుణ్ని జనం కుర్చీలో కూర్చోబెట్టి ఊరేగించారు. 1855లో నెలవారీ లైసెన్సు రద్దయింది. ఏడాదికి ఒక పౌను కడితే తవ్వుకునే హక్కు, దానితో ఓటు వచ్చాయి. లాలర్ శాసనమండలిలో అడుగుపెట్టాడు, తర్వాత శాసనసభ స్పీకరూ అయ్యాడు. ఆ జెండా ఇప్పుడు బల్లారట్‌లోని యురేకా సెంటర్‌లో మసక వెలుతురులో ఉంది. జ్ఞాపకంగా తలో ముక్కా చించుకుపోగా మిగిలిందది.

ఆస్ట్రేలియన్లు ఇష్టంగా చెప్పుకునే కథ ఇక్కడితో ఆగుతుంది. మన పిల్లలు ఇంకాస్త ముందుకు వెళ్లాలి. లైసెన్సు రద్దయిన 1855లోనే, ఓడ దిగే ప్రతి చైనీయుడి మీదా 10 పౌన్ల తలపన్ను వేసింది విక్టోరియా. అది తప్పించుకోవడానికి వేలమంది పక్క రాష్ట్రంలోని రోబ్ రేవులో దిగి, 400 కిలోమీటర్లకు పైగా నడిచి గనులకు చేరారు. దారిలో అరారట్ దగ్గర 1857లో గొప్ప బంగారు నిక్షేపాన్ని కనుగొన్నది వాళ్లే. పన్ను అన్యాయమని తిరగబడ్డ నేలలోనే ఈ పన్ను! 1901లో ఆస్ట్రేలియా వలస చట్టం మరో మెలిక పెట్టింది: ఏదైనా యూరప్ భాషలో 50 మాటల డిక్టేషన్. భాషను ఎంచేది అధికారి. ఇంగ్లీషులో దిట్టయినవాణ్నీ అలా తిప్పి పంపేయవచ్చు. ఈ పరీక్ష 1958 దాకా సాగింది. తెల్లజాతికే ఆస్ట్రేలియా అన్న విధానం పూర్తిగా పోయింది 1973లో. చైనీయుల మీద ఆ తలపన్ను చట్టాలకు విక్టోరియా ప్రీమియర్ డేనియల్ ఆండ్రూస్ 2017 మేలో క్షమాపణ చెప్పారు.

ఐఈఎల్‌టీఎస్ ఇంగ్లీషు పరీక్ష స్కోరు చూపించి వీసా తెచ్చుకున్న పిల్లలకు ఈ వరుస క్లాసులో ఎవరూ చెప్పరు. డేటా సైన్స్ సిలబస్‌లో దీనికి చోటెక్కడిది? మీ పిల్లలు మెల్‌బోర్న్‌లో ఉంటే గ్రేట్ ఓషన్ రోడ్డు ఫొటోలు చాలనీ, ఒక శనివారం బల్లారట్‌కు వెళ్లమనీ చెప్పండి. ఇంకో రోజు వీలైతే అదే రైలు మార్గంలో అరారట్ దాకా వెళ్లి, అక్కడి గమ్ సాన్ చైనీస్ మ్యూజియం కూడా చూసి రమ్మనండి.