కోరంగి తుపానులు – వాతావరణ లెక్కల ఏకీకరణము

యానామునకు చేరువనున్న కోరంగి ఒకప్పుడు ఓడల నిర్మాణమునకును మరమ్మతులకును పేరు వడసిన రేవు. బర్మాకు వలసపోయిన తెలుగువారికి కోరంగీలను పేరు ఈ రేవును బట్టియే వచ్చినది. 1789 డిసెంబరులోను, 1839 నవంబరులోను చెలరేగిన తుపానులలో ఉప్పెన ఈ ఊరిని ముంచివేసెను. రెండవ దానిలో మూడు లక్షలమంది మరణించిరని పెక్కు పుస్తకములు వ్రాయుచున్నవి గాని, ఆ తీరమున అంత జనముండిరనుట నమ్మశక్యము కాదు.

ఓడ నాయకుడుగ పనిచేసి కలకత్తాలో స్థిరపడిన హెన్రీ పిడింగ్టను బంగాళాఖాతపు తుపానులను పరిశోధించుటకు ఓడల దినచర్య పుస్తకములను సేకరించెను. ఏ వేళకు గాలి ఏ దిక్కునుండి వీచినది, బారోమీటరులో పాదరసము ఎంత దిగినది అను వివరములను ఒకే పటమున గుర్తించి చూచెను. ఒక ఓడవాని లెక్క ఆ ఓడ కథ మాత్రమే. పలు ఓడల లెక్కలు ఒకచోట చేరిన పిమ్మటనే గాలి ఒక కేంద్రము చుట్టును తిరుగుట స్పష్టపడెను. పాము చుట్టను స్ఫురింపజేయు గ్రీకు పదమునుండి ఆయన కల్పించిన సైక్లోను అను పేరు 1848లో గ్రంథస్థమైనది.

అయినను భూమిమీది లెక్కలు ఒకదానితో నొకటి కలియలేదు. మదరాసు నుంగంబాకపు వేధశాలలో ఏండ్ల తరబడి లెక్కలుండెను. ఆ వేధశాలాధికారి టేలరు వద్ద శిక్షణ పొందిన గోడె వెంకట జగ్గారావు విశాఖపట్టణమున 1840 ప్రాంతమున సొంత ధనముతో వేధశాల నెలకొల్పెను. కాని ఒక్కొక్కచోట ఒక్కొక్క పనిముట్టు, ఒక్కొక్క వేళ. 1864 అక్టోబరు 5న కలకత్తాను, నవంబరు 1న మచిలీపట్టణమును తుపానులు ధ్వంసము చేసెను. మచిలీపట్టణ ప్రాంతమున మరణించినవారు సుమారు 30,000.

కలకత్తా తుపానుపై గాస్ట్రెల్‌తో కలసి నివేదిక వ్రాసిన బ్లాన్‌ఫర్డే 1875లో ఏర్పడిన భారత వాతావరణశాఖకు అధిపతి యయ్యెను. పనిముట్లను ప్రామాణికమైన వానితో సరిచూచుట, ఒకే తీరు పాకలలో ధర్మామీటరుల నుంచుట, నిర్ణీత వేళలందు చదువుట, ఒకే నమూనా పట్టికలలో అచ్చువేయుట అప్పటినుండి దేశమంతటికిని పద్ధతిగ నేర్పడెను. ఇవి చాదస్తపు నియమములుగ తోచవచ్చును. మూడువేల అడుగుల ఎత్తుననున్న బెంగుళూరులో పాదరసము మచిలీపట్టణమునకంటె సుమారు మూడంగుళములు దిగువను నిలుచును. సముద్రమట్టమునకు సవరింపక ఆ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసినచో, నిర్మలమైన దినమున బెంగుళూరుపై పెనుతుపాను నిలిచియున్నట్లు కనబడును.

జగ్గారావు 1856లో గతించగా అల్లుడు అంకితం వెంకట నరసింగరావు విశాఖ వేధశాలను నడపెను. 1874 డిసెంబరులో శుక్రుడు సూర్యబింబమును దాటుటను పరిశీలించి లండనులోని రాయల్ ఖగోళ సంఘమునకు నివేదించెను. సూర్యుని దూరము గణించుటకు నానాదేశముల పరిశీలకులు పంపిన కాలగణనలతో పాటు విశాఖవారి లెక్కయు ఆ సంఘపు పత్రికలో అచ్చయ్యెను.