ఒక్క పేరు చాలని రోగం

మా వాడలో వాంతులు, విరేచనాలు పట్టుకుంటే పెద్దవాళ్ళు 'గత్తర' అనేవాళ్ళు. నాలుగక్షరాలు నేర్చి పట్నం చేరాక ఆ మాటను అజ్ఞానమనుకున్నాం. ఒక్కో రోగానికి ఒక్కో క్రిమి అని పాఠ్యపుస్తకం చెప్పింది మరి.

ఆ పాఠానికీ ఒక చరిత్ర ఉంది. 1884లో రాబర్ట్ కాక్ కలకత్తాలో కలరా రోగుల పేగుల్లోనూ, జనం వాడుకునే చెరువు నీళ్ళలోనూ ఒకే క్రిమిని చూశాడు. గొప్ప విజయమే, కాదనం. కానీ మేం చదివిన పాఠంలో క్రిమి మిగిలింది, చెరువు జారిపోయింది.

2007-2011 మధ్య కలకత్తాతో సహా ఏడు దేశాల్లో అయిదేళ్ళలోపు పిల్లల మీద ఒక పెద్ద అధ్యయనం జరిగింది. ఫలితాలు 2013లో వచ్చాయి. విరేచనాలతో ఆస్పత్రికొచ్చిన పిల్లల్లో 45 శాతం మందిలో రెండు లేక అంతకుమించి రకాల క్రిములు దొరికాయి. పోలిక కోసం పరీక్షించిన, విరేచనాలు లేని పిల్లల్లోనూ 31 శాతం మందిలో అంతే! అంటే దొరికిన ప్రతి క్రిమీ దోషి కాదు. ఏది ఎంత కారణమో తేల్చడం కష్టం. అయితే రోటా వైరస్, షిగెల్లా, క్రిప్టోస్పోరిడియం, ఇవన్నీ మలం నుంచి నోటికి చేరేవే. ఒకే పొట్టలో ఇన్ని చేరాయంటే ఆ దారి తెరిచే ఉందని అర్థం.

ఆ దారి తెరిచి ఉంచిందెవరు? ఈ ప్రశ్న ప్రయోగశాలలో తేలదు, మహద్‌కు పోవాలి. అక్కడి చవుదార్ చెరువులో 1927 మార్చి 20న బాబాసాహెబ్ అంబేద్కర్ వేలమందితో కలిసి నీళ్ళు తాగారు. చెరువు మైలపడిందని సవర్ణులు 108 కుండల్లో పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపి పోసి 'శుద్ధి' చేశారు. తాగే నీళ్ళలో పేడ పోస్తే శుద్ధి, మనిషి దోసిలి ముంచితే మైల! నీటి మీద మన హక్కును బొంబాయి హైకోర్టు ఒప్పుకునేసరికి 1937 వచ్చింది. మైలను కొలిచిన కులం మురికిని కొలవలేదు. మంచినీళ్ళకు దూరంపెట్టిన వాళ్ళకు దొరికిన నీళ్ళే గతయ్యాయి.

కాబట్టి మిత్రులారా, వాడలో విరేచనాలు సోకితే ఏ క్రిమి అని ఒక్కటే అడిగి ఊరుకోవద్దు. ఏ బావి, ఏ కుళాయి, మురుగు ఎటు పారుతోంది, పైపులైను ఎవరి గడప దగ్గర ఆగింది, ఇవీ రాసుకుందాం. పెద్దవాళ్ళ 'గత్తర'లో క్రిమి పేరు లేకపోవచ్చు. మన రాతల్లో మాత్రం చెరువు పేరు తప్పిపోకూడదు.