షట్టర్ సగమే లేచింది

గదిలో ఉన్నది ఒకటే కుర్చీ. అందులో ఫ్లోర్ మేనేజర్ కూర్చున్నాడు. నువ్వు ఎదురుగా నిలబడ్డావు.

కూకట్‌పల్లిలో ఐదంతస్తుల బట్టల షోరూం ఇది. పై అంతస్తులో స్టాకు గది పక్కనే ఈ ఆఫీసు. నీ చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో ఆధార్ జిరాక్సు, టెన్త్ మెమో, రెండు పాస్‌పోర్టు ఫొటోలు. బయట మెట్ల మీద నీలాంటివాళ్ళు ఇంకా చాలామంది ఉన్నారు. 'సేల్స్ గర్ల్స్, సేల్స్ బాయ్స్ కావలెను, హాస్టల్ వసతి కలదు' అన్న ఫ్లెక్సీ చూసి వచ్చినవాళ్ళే అందరూ.

ఆయన మెమో తీసి చూడడు. నీ కాళ్ళ వైపు చూస్తాడు.

"పొద్దున తొమ్మిదిన్నరకి లోపలుండాలి. రాత్రి తొమ్మిదిన్నరకి బయటికి. నిలబడగలవా అమ్మాయ్?"

"నిలబడతాను సార్."

"వచ్చిన వాళ్ళంతా అదే అంటారు."

బల్ల మీద రెండు చీరలు పరుస్తాడు. రెండూ ఎరుపే. రెండిటి మీదా మెట్లు మెట్లుగా పోచంపల్లి డిజైనే. ఎడమవైపు దాని మీద వేలు పెట్టి అడుగుతాడు: "కస్టమర్ ఇది ఒరిజినల్ పోచంపల్లేనా అంటుంది. ఏం చెప్తావ్?"

అవునంటే అమ్మినట్టు. ఆయనకి కావలసింది అదేనేమో. కాదంటే బేరం పోగొట్టే పిల్ల అనుకుంటాడేమో. మెట్ల మీద అంతమంది ఎదురు చూస్తున్నారు. ఇంట్లో అమ్మ ఫోను పట్టుకుని కూర్చుంది. ఏం చెబుతావు?

నీ చెయ్యి ముందే కదులుతుంది. చీర అంచు పట్టుకుని తిరగేస్తావు. వెనక వైపు రంగు వెలిసినట్టుంది. రెండో చీర కూడా తిరగేస్తావు. దానికి ముందూ వెనకా ఒకటే. గళ్ళ అంచుల దగ్గర రంగు కాస్త చెదిరినట్టుంది కూడా. నేసే ముందే నూలుకి ముడులు కట్టి, రంగులో ముంచి, ఆ తర్వాత మగ్గమెక్కిస్తారు కాబట్టి ఆ చెదురు వస్తుంది. ప్రింటులో గీత గీసినట్టు ఉంటుంది.

"ఇది ప్రింటు సార్. రెండోది నేత."

ఆయన అవుననడు, కాదనడు. చీరలు పక్కకి జరిపి, "పద్నాలుగు వేలు. ఈఎస్‌ఐ 105, పీఎఫ్ 1,680 పోతాయి. చేతికి 12,215. సోమవారం నుంచి రా" అంటాడు.

సోమవారం. నీకిచ్చింది మొదటి అంతస్తులో నూలు చీరల కౌంటరు. నీకు పని నేర్పేది వరంగల్ వైపు అక్క. పేరు పెట్టి ఎవరూ పిలవరు, అందరికీ అక్కే. బోణీ చేసే కస్టమర్‌ని ఉత్త చేతులతో పంపకూడదన్నది ఆమె నేర్పిన మొదటి మాట. రెండోది మడత.

ఒక చీర విప్పితే జాకెట్ ముక్కతో కలిపి ఆరు మీటర్ల పైన బట్ట ఉంటుంది. కస్టమర్ ఒకటి కొనడానికి ముప్ఫై విప్పిస్తుంది. అవి నీ ముందు గుట్టగా పడతాయి. అక్క అంచు రెండు వేళ్ళతో పట్టుకుని ఒక్క విసురు విసురుతుంది. చీర గాలిలోనే సగానికి మడత పడి బల్ల మీద వాలుతుంది. జరీ లోపలికి. పాత గీత మీదే మడత. ట్యాగ్ పైకి. నువ్వు విసిరితే కొంగు నేల మీద పడుతుంది.

"భుజంతోని కాదు పిల్లా, మణికట్టుతోని."

టీ టైంలో వెనక మెట్ల మీద ఆమె ఇంకో పాఠం చెబుతుంది. టైలరింగ్ సెక్షన్ నుంచి తెచ్చిన రెండు దారపు ముక్కలకి అగ్గిపుల్ల అంటిస్తుంది. ఒకటి వెంట్రుకలు కాలిన వాసన కొడుతుంది. కొసన ఉన్న బూడిదని వేళ్ళతో నలిపితే పొడైపోతుంది. అది పట్టు. రెండోది కరిగి గట్టి పూసలా ముడుచుకుంటుంది. అది పాలిస్టరు. గద్వాల చీరని నీ చేతిలో పెట్టి కళ్ళు మూసుకోమంటుంది. మధ్యలో నూలు చల్లగా, అంచు దగ్గరకి రాగానే పట్టు జారుతూ తగులుతుంది. రెండూ కలిసే చోట వేలికి తెలుస్తుంది. అక్క చదువు ఏడో తరగతి దగ్గర ఆగిపోయింది. ఆమె వేళ్ళకి తెలిసింది ఏ కాలేజీలోనూ చెప్పరు. చీరలు చూపించడమేగా, అదో పనా అనేవాళ్ళని ఒక్క పూట ఆమె పక్కన నిలబెట్టాలి.

నిలబెట్టాలి అంటే అసలు బాధ గుర్తొస్తుంది.

పదకొండింటికి ఏమీ తెలియదు. రెండింటికి మడమలు మండుతాయి. ఐదింటికి నడుము. సాయంత్రానికి పాదాలు నానేసిన శనగల్లా ఉబ్బి, చెప్పుల పట్టీలు చర్మంలోకి దిగుతాయి. కస్టమర్ లేనప్పుడు బల్లకి ఆనుకుందామనుకుంటావు. పైన కెమెరా ఉంది. కాసేపటికే సూపర్‌వైజర్ వచ్చి "ఆనుకోవద్దమ్మా" అనేసి పోతాడు.

నడిస్తే రాని నొప్పి ఊరికే నిలబడితే ఎందుకొస్తుంది? అక్క తన పిక్క చూపిస్తుంది. చర్మం కింద నీలం నరాలు ముడులు పడి మెలికలు తిరిగి ఉన్నాయి. నడిచేటప్పుడు పిక్క కండరం బిగుసుకుని, కాళ్ళలోని రక్తాన్ని పైకి నెడుతుంది. కదలకుండా నిలబడితే ఆ నెట్టుడు ఉండదు. రక్తం కిందే నిలిచిపోతుంది. ఏళ్ళ తరబడి అలా నిలిస్తే సిరలు సాగిపోతాయి. సనత్‌నగర్ ఈఎస్‌ఐ ఆస్పత్రిలో డాక్టరు మేడం ఆమెకి చెప్పిన మాట ఇది. ఎక్కువసేపు నిలబడకూడదని కూడా చెప్పింది. ఆస్పత్రి నుంచి అక్క నేరుగా డ్యూటీకే వచ్చింది.

"మడమలు లేపి దించుతుండు. బల్ల ఎనక ఎవరికీ కనపడది."

మెట్ల దగ్గర గోడ మీద అద్దాల ఫ్రేములో ఒక కాగితం ఉంది. దుకాణాల చట్టం, 1988. రోజుకి 8 గంటలు, వారానికి 48. నువ్వు నీ గంటలు వేళ్ళ మీద లెక్కేసి, వేళ్ళు ముడిచేస్తావు.

ఒక స్టూలు వేస్తే ఏమవుతుంది? ఈ ప్రశ్న అడిగిన ఆడవాళ్ళు ఉన్నారు. కోళికోడ్‌లో మిఠాయి తెరువు అనే బజారు ఉంది. అక్కడ బట్టల దుకాణాల్లో పనిచేసే ఆడవాళ్ళు కూర్చునే హక్కు కోసం ఏళ్ళపాటు కొట్లాడారు. 2018లో కేరళ చట్టం మార్చింది. 2021లో తమిళనాడు కూడా మార్చింది. అక్కడ షాపులో పనిచేసేవాళ్ళకి కూర్చోడానికి సీటు పెట్టాల్సిందే. రాత్రి హాస్టల్లో బకెట్ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని ఫోనులో ఈ సంగతి చదివి, పక్క మంచం మీదున్న అక్కకి చూపిస్తావు. ఆమె చాలాసేపు తెర వైపే చూస్తుంది.

ఆషాఢం వస్తుంది.

పెళ్ళిళ్ళు లేని నెలలో షోరూంకి ఇంత జనమేంటని నీకు అనుమానం. ముహూర్తాలు లేవు కాబట్టే. బేరాలుండవు, గోడౌన్ నిండా పాత స్టాకు. శ్రావణం వస్తే వరలక్ష్మీ వ్రతాలు, పెళ్ళిళ్ళు, వాటికి కొత్త సరుకు దిగాలి. ఆలోపు పాతది కదలాలి. అందుకే ఈ డిస్కౌంట్లు. మొదటి రోజు మొదటి గంటలో వచ్చినవాళ్ళకి చీర 99 రూపాయలు. రోడ్డు మీద స్పీకరు నిన్నటి నుంచీ అదే అరుస్తోంది.

నిన్ను కింది అంతస్తుకి వేశారు. షట్టర్‌కి ఎదురుగా పెద్ద బల్ల, దాని మీద చీరల కొండ. బల్ల వెనక నువ్వూ అక్కా. కుడివైపు గోడకి అత్యవసర ద్వారం. దాని ముందు అట్టపెట్టెలు నిలువెత్తున పేర్చి ఉన్నాయి. పైన జాగా లేదన్నారు. నువ్వు వాటి వైపు చూస్తావు. అక్క కూడా చూస్తుంది.

"సిద్దిపేట యాదికొస్తుంది నాకు" అంటుంది మెల్లిగా. 2019 ఫిబ్రవరిలో అక్కడొక మాల్ 10 రూపాయలకే చీర అంది. ఆడవాళ్ళు విరగబడ్డారు. తొక్కిసలాటలో దెబ్బలు తగిలి ఆస్పత్రి పాలయ్యారు.

షట్టర్ కింద సందులోంచి పాదాలు కనిపిస్తున్నాయి. మెట్టెలు, పట్టీలు, హవాయి చెప్పులు, ఒక చిన్న పిల్ల బూట్లు. పాదాల వెనక పాదాలు. షట్టర్ రేకు లోపలికి ఉబ్బుతోంది. గణగణమంటోంది.

పది.

సెక్యూరిటీ అన్న గొలుసు లాగుతాడు. షట్టర్ నడుము ఎత్తుకి లేచి ఆగుతుంది. ఇరుక్కుందా? తెలియదు. బయటివాళ్ళు ఆగరు. వంగి దూరుతున్నారు. వంగినవాళ్ళ మీద వెనకవాళ్ళు పడుతున్నారు.

ఒకామె మోకాళ్ళ మీద పడింది. లేవబోతోంది. లేవనివ్వడం లేదు.

బల్ల వెనక్కి జరుగుతుంది. నీ పొట్టకి తగులుతుంది. ఇంకా జరుగుతుంది. నీ వీపు అరలకి నొక్కుకుంటుంది.

"వెనక్కి! వెనక్కి!" సెక్యూరిటీ అన్న అరుస్తున్నాడు. ఎవరికీ వినపడదు. వెనకున్నవాళ్ళకి ముందు ఏం జరుగుతోందో కనపడదు. వాళ్ళకి వినిపించేది స్పీకరొక్కటే. 99, 99, 99.

షట్టర్ దించాలా? కింద మనుషులున్నారు. నెట్టాలా? నీ బలమెంత?

చిన్న బూట్లు. ఆ పిల్ల. ఎదుటి ఇద్దరి మధ్య నలుగుతోంది. ముఖం ఎర్రబడింది. ఏడుపు బయటికి రావడం లేదు.

ఊపిరి. నీకూ అందడం లేదు. ఇలాంటి చోట మనుషులు కాళ్ళ కింద పడే చనిపోతారనుకుంటాం. చాలామంది నిలబడే చనిపోతారు. ఛాతీ పైకి లేవడానికి జాగా ఉండదు.

"చేతులు ఛాతీకి అడ్డం పెట్టు!" అక్క గొంతు.

పెడతావు. పిడికిళ్ళు గడ్డం కింద, మోచేతులు ముందుకి. కొంచెం జాగా. ఒక ఊపిరి.

ఆ ఊపిరితో బల్ల మీదికి ఎక్కుతావు. చీరల మీద మోకాళ్ళు. వంగి పిల్ల రెండు చంకల కింద పట్టుకుంటావు. రాదు. మళ్ళీ లాగుతావు. వస్తుంది. బల్ల మీద కూర్చోబెడతావు.

అక్క ఎక్కడ? గోడ దగ్గర. అట్టపెట్టెలు లాగి పడేస్తోంది. ఒకటి. ఇంకొకటి. ఎదురు నెట్టకుండా పక్కకి జరుగుతూ అక్కడికి చేరింది. ఆడవాళ్ళు ఇద్దరు ఆమెతో పాటు లాగుతున్నారు.

మైకు. బిల్లింగ్ కౌంటర్ మీద ఉంది. బల్ల మీంచి అందుతుంది. తీసుకుంటే మేనేజర్ ఏమంటాడు? 

తీసుకుంటావు. స్పీకరు నోరు మూతపడుతుంది. ఇప్పుడు అందులో నీ గొంతు.

"అమ్మా, వెనకున్నవాళ్ళు ఆగండి. ముందు మనుషులు పడిపోయారు. చీరలు అయిపోవు. రాత్రి దాకా ఇదే రేటు. ఒక్కడుగు వెనక్కి వెయ్యండి. ఒక్కడుగు."

రాత్రి దాకా ఇదే రేటని నీకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. మళ్ళీ అంటావు. మళ్ళీ.

షట్టర్ అవతల పాదాలు కదులుతాయి. ఒకడుగు వెనక్కి.

గోడ పక్కన తలుపు తెరుచుకుంటుంది. సందులోంచి వెలుతురు, గాలి. అక్క ఒక్కొక్కరినీ చెయ్యి పట్టి బయటికి పంపిస్తోంది. పడిపోయినామెని ఇద్దరు లేపుతారు. షట్టర్ పూర్తిగా పైకి వెళుతుంది. పిల్ల అప్పుడు ఏడుస్తుంది, గట్టిగా, అమ్మా అని. జనంలోంచి ఒకామె "ఇక్కడే ఉన్నా నాన్నా" అంటూ చేతులు చాస్తుంది.

ప్రాణాలకేం కాలేదు. పడిపోయినామె చీలమండ వాచింది, మోచెయ్యి గీసుకుపోయింది. ఆమెని కూర్చోబెడదామని చుట్టూ చూస్తావు. ఈ అంతస్తులో ఎక్కడా కుర్చీ లేదు. బిల్లింగ్ దగ్గరున్న ఒక్క స్టూలు తెచ్చి వేస్తావు. క్యాషియర్ అబ్బాయి ఐసు కోసం పక్క జ్యూస్ షాపుకి పరిగెత్తుతాడు.

ఫ్లోర్ మేనేజర్ పై నుంచి దిగుతాడు. చొక్కా తడిసిపోయింది. "తొందరగా సర్దండమ్మా, బయట జనం ఆగరు. మైకులో రేటు చెప్పింది ఎవరు?"

"నేనే సార్."

ఆయన ఇంకేదో అనబోతాడు. అక్క మధ్యలోకి వస్తుంది. "ఆ పిల్ల చెప్పకుంటే మీరు ఇయ్యాల పోలీస్ స్టేషన్ల ఉంటుంటిరి సార్. ముందుగల్ల ఆ డబ్బాలు పైకి పోవాలె. తలుపు ముంగట ఒక్కటి గూడ ఉండొద్దు. ఆ తర్వాతనే అమ్ముడు."

ఇన్నేళ్ళలో ఆమె ఆయనతో ఇలా మాట్లాడటం ఎవరూ చూడలేదు. ఎవరూ కదలరు. ఆయన స్టూలు మీదున్నామె కాలు వైపు చూస్తాడు. తర్వాత వంగి తనే ఒక పెట్టె ఎత్తుకుంటాడు.

తాళ్ళు కట్టి వరస చేస్తారు. ఇరవై మందిని ఒకసారి లోపలికి, వాళ్ళు బయటికి వెళ్ళాకే ఇంకో ఇరవై మంది. మధ్యాహ్నానికి చీరల కొండ సగమవుతుంది. కాలు వాచినామె కూడా కుంటుతూ వచ్చి తనకి కావలసిన ఆకుపచ్చ చీర ఏరుకునే వెళుతుంది.

రాత్రి పదింటికి హాస్టల్ వరండాలో అందరూ చుట్టూ కూర్చున్నారు. క్యాషియర్ అబ్బాయి రూళ్ళ కాగితం మీద రాస్తున్నాడు. తలుపులకి అడ్డంగా స్టాకు పెట్టకూడదు. షట్టర్ పూర్తిగా లేచాకే జనాన్ని వదలాలి. ప్రతి కౌంటరు వెనక స్టూళ్ళు వెయ్యాలి, కస్టమర్ లేనప్పుడు కూర్చోనివ్వాలి. మూడోది రాయొద్దని ఒకరిద్దరు గొణుగుతారు. మొదటి రెండూ ఒప్పుకుంటారు, మూడోది చూసి కాగితమే చింపేస్తారని వాళ్ళ భయం. అది కొట్టిపారేసే భయమేమీ కాదు. ఈ నెలాఖరున వాళ్ళకి కట్టాల్సిన చీటీలున్నాయి, పంపాల్సిన డబ్బులున్నాయి.

"రాయి తమ్మీ" అంటుంది అక్క, పిక్క రుద్దుకుంటూ. "గా మూడోది లేకుంటే నేను సంతకం పెట్ట."

కాగితం చేతులు మారుతుంది. నీ దాకా వస్తుంది. ట్రెయినీవి. ఐడీ కార్డు కూడా ఇంకా ఇవ్వలేదు. రేపు పొద్దున ఎవరినైనా వద్దనాలంటే ముందు నిన్నే అంటారు. ఇంటికి డబ్బు పంపుతానన్న మాట గుర్తొస్తుంది. పాదాలు ఇంకా మండుతున్నాయి.

ఎంప్లాయీ నంబరు గడిలో గీత గీస్తావు. దాని పక్కన పేరు రాస్తావు, పూర్తి పేరు, ఇంటి పేరుతో సహా. పెన్ను పక్క అబ్బాయికి అందిస్తావు.