అనావశ్యక ఉపవాక్యము (ఆంగ్ల వ్యాకరణం)

ఆంగ్ల వాక్యంలో ఒక నామవాచకాన్ని గురించి అదనపు సమాచారం మాత్రమే తెలిపే ఉపవాక్యాన్ని '''అనావశ్యక ఉపవాక్యము''' అంటారు. పాఠ్యపుస్తకాలలో దీనిని నాన్ డిఫైనింగ్ రిలేటివ్ క్లాజ్ అని వ్యవహరిస్తారు. దీనిని తొలగించినా, చెప్పబడుతున్నది ఎవరిని గురించో, దేనిని గురించో మారదు. అందువలన దీనిని కామాలతో వేరు చేయవలెను. ఎవరు, ఏది అన్నది నిర్ణయించే ఉపవాక్యము ఆవశ్యకము. దానికి కామాలు ఉండవు.

== ఉదాహరణలు ==
* కోమటి చెరువు, విచ్ ఈజ్ ఇన్ సిద్దిపేట, అట్రాక్ట్స్ మెనీ విజిటర్స్. చెరువు పేరు ముందే చెప్పబడినది కనుక ఉపవాక్యము అదనపు సమాచారమే.
* మై బ్రదర్, హూ లివ్స్ ఇన్ సిద్దిపేట, ఈజ్ ఎ టీచర్. కామాలు ఉన్నందున సోదరుడు ఒక్కడే అని అర్థం. కామాలు తీసివేస్తే, పలువురు సోదరులలో సిద్దిపేటలో ఉన్నవాడు అని అర్థం వచ్చును.

== నియమాలు ==
* ఉపవాక్యము వాక్యం నడుమ ఉంటే ముందొకటి, వెనుకొకటి రెండు కామాలు ఉంచవలెను. విద్యార్థులు తరచుగా రెండవ కామాను మరచిపోతుంటారు.
* వాక్యం చివర ఉంటే ముందు కామా, చివర పూర్ణవిరామం చాలును.
* హూ, విచ్, హూజ్ వంటి పదాలు వాడవచ్చును. దట్ వాడరాదు; సంబంధ సర్వనామాన్ని లోపింపజేయరాదు.
* కామాలకు బదులు డాష్‌లు లేదా కుండలీకరణాలు కూడా వాడవచ్చును.

== అర్థభేదం ==
సిద్దిపేట జిల్లాలో 50 టీఎంసీల సామర్థ్యంతో నిర్మించి, 2022 ఫిబ్రవరిలో ప్రారంభించిన మల్లన్నసాగర్ జలాశయం కింద వేములఘాట్, ఏటిగడ్డ కిష్టాపూర్ మొదలైన గ్రామాలు ముంపునకు గురైనాయి. ఇటువంటి సందర్భంలో రాయదగిన ఒక ఊహాత్మక వాక్యాన్ని తీసుకొందాము:
* ద ఫార్మర్స్ హూ లాస్ట్ ల్యాండ్ విల్ గెట్ కాంపెన్సేషన్. భూమి కోల్పోయిన రైతులకు మాత్రమే పరిహారం.
* ద ఫార్మర్స్, హూ లాస్ట్ ల్యాండ్, విల్ గెట్ కాంపెన్సేషన్. చెప్పబడుతున్న రైతులందరూ భూమి కోల్పోయినారు, అందరికీ పరిహారం.
పదాలు ఒక్కటే అయినా, రెండు కామాల వలన హక్కుదారుల సంఖ్యయే మారిపోవచ్చును.

== తెలుగుతో పోలిక ==
తెలుగులో ఈ పని క్రియాజన్య విశేషణం చేస్తుంది. అది నామవాచకానికి ముందు వస్తుంది. కామా అవసరం లేదు. "భూమి కోల్పోయిన రైతులకు పరిహారం అందుతుంది" అన్న వాక్యానికి పై రెండు అర్థాలూ పొసగును. కనుక ఆంగ్లంలోకి అనువదించేవారు ఏ అర్థం ఉద్దేశించబడినదో ముందుగా నిర్ణయించుకొనవలెను. తెలుగులో స్పష్టత కావలెనన్న "రైతులలో భూమి కోల్పోయినవారికి" అని గాని, "రైతులందరూ భూమి కోల్పోయినారు, వారికి" అని గాని వ్రాయవచ్చును.

== అనావశ్యకము, అప్రధానము ==
అనావశ్యకము అనగా అప్రధానము అని కాదు. 1950 జనవరి 26న అమలులోకి వచ్చిన భారత రాజ్యాంగపు ఆంగ్ల పాఠంలో, మొదటి అధికరణంలో ఇండియా అన్న పేరు వెంటనే, అదియే భారత్ అని తెలిపే మాటలు రెండు కామాల నడుమ ఉన్నవి. వాటిని తొలగించినా వాక్యనిర్మాణం చెడదు; కానీ దేశపు పేర్లలో ఒకటి లోపించును.

== ఇవి కూడా చూడండి ==
* విరామ చిహ్నాలు
* ఆంగ్ల భాష
* తెలుగు వ్యాకరణం
* సిద్దిపేట