దరఖాస్తులో మతం గడి

ఈ వ్యాసం రాయడానికి కారణం మా అన్నయ్య మనవరాలు. డిగ్రీ అడ్మిషన్‌కి ఆన్‌లైన్‌లో దరఖాస్తు నింపుతూ ఒకరోజు రాత్రి తొమ్మిదింటికి ఫోన్ చేసింది. “చిన్నతాతయ్యా, మతం దగ్గర ఆగిపోయాను. ఖాళీగా వదిలేస్తే ముందుకి పోనివ్వడం లేదు. ఏది నొక్కను?” అంది. వాళ్ళ నాన్న పుట్టింది హిందూ కుటుంబంలో, అమ్మ పుట్టింది క్రైస్తవ కుటుంబంలో. ఆ ఇంట్లో పూజా లేదు, ప్రార్థనా లేదు. జాబితాలో ఆరు మతాల పేర్లున్నాయి, చివర ‘ఇతరులు’ అని ఉంది. మతం లేదు అన్నమాట మాత్రం లేదు. మర్నాడే ఆఖరు తేదీ.

నేను ముప్పై ఆరేళ్ళు రక్షణ శాఖ పద్దుల్లో పనిచేసినవాణ్ణి. ఏ ఫారం చూసినా మొదట అడగాలనిపించేది ఒకటే: ఈ కాలమ్ ఏ రూలు కింద పెట్టారు? ఇందులో రాసింది చివరికి ఏ రిజిస్టర్లో కలుస్తుంది? ఏ రిజిస్టర్లోనూ కలవని కాలమ్ కనిపిస్తే మేము అబ్జెక్షన్ రాసేవాళ్ళం. చూపించడానికి ఏమీ లేని చోట ‘నిల్’ అని రాసుకునే సౌకర్యమైనా ఉండేది. ఈ పిల్లకి అదీ లేదు.

1975లో నేను బి.కాం.లో చేరినప్పుడు ఇంత ఇబ్బంది కూడా పడలేదు. ఆ గడి ఖాళీగా వదిలి ఫారం ఇచ్చాను. కౌంటర్లో గుమాస్తా నా పేరు చూసి, నన్ను అడక్కుండానే తన పెన్నుతో మతం నింపేసి, రసీదు చింపి ఇచ్చాడు. నాకప్పుడు పదిహేడేళ్ళు. రసీదు దొరికింది కదా అని బయటికొచ్చేశాను. ఆ సంగతి ఇప్పటికీ గుర్తుందంటే దానికి కారణం సిగ్గే అనుకుంటాను.

విశ్వవిద్యాలయాల్లో ప్రవేశానికీ మతానికీ సంబంధం ఎలా వచ్చిందో కొంత చదివాను. మన దేశం కథ మొదలుపెట్టాలంటే ముందు ఇంగ్లండు వెళ్ళాలి. మన యూనివర్సిటీల నమూనా అక్కడిదే.

ఆక్స్‌ఫర్డ్‌లో 1581 నుంచి, పేరు నమోదు చేసుకునే రోజునే విద్యార్థి ఇంగ్లండు చర్చి వారి 39 విశ్వాస సూత్రాలకు సమ్మతి సంతకం పెట్టాలి. కేంబ్రిడ్జిలో చదువుకోనిచ్చేవారు, డిగ్రీ తీసుకునేటప్పుడు మాత్రం అడిగేవారు. ఇది మన గడి లాంటిది కాదు, ప్రమాణం. కాథలిక్కులు, యూదులు, చర్చితో విభేదించిన ప్రొటెస్టెంట్లు, మనలాంటి నాస్తికులు అందరూ దీనివల్ల బయటే ఉండాలి. లేదా అబద్ధం ఆడాలి. సంతకం పెట్టినవాళ్ళలో ఆ 39 సూత్రాలూ చదివినవాళ్ళు ఎంతమందో ఎవరైనా ఊహించుకోవచ్చు.

షెల్లీ సంగతి చాలామందికి తెలిసిందే. నాస్తికత అవసరం గురించి చిన్న కరపత్రం అచ్చువేసినందుకు 1811లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వెళ్ళగొట్టారని చెప్పుకుంటాం. కానీ కాగితం మీద కారణం అది కాదు. ఇది నువ్వే రాశావా అని కాలేజీ అధికారులు అడిగితే అతను జవాబు చెప్పలేదు, నాది కాదని కూడా అనలేదు. జవాబు చెప్పనందుకు బహిష్కరిస్తున్నామని రాశారు. పెద్దమనుషులు నమ్మకం గురించి వాదించే బాధ తమకు లేకుండా క్రమశిక్షణ రూలు వాడుకున్నారన్నమాట. ఈ పద్ధతి నాకు బాగా పరిచయం. ఆఫీసులో ఎవరినైనా ఇబ్బంది పెట్టాలంటే అసలు విషయం ముట్టుకోరు, మెమోకి జవాబు గడువులోగా ఇవ్వలేదని మరో మెమో ఇస్తారు.

నాకు షెల్లీ కంటే డి మోర్గాన్ ఎక్కువ ఇష్టం. ఇంటర్మీడియట్‌లో సమితులు చదివిన ప్రతివాడికీ డి మోర్గాన్ నియమాలు తెలుసు. ఆయన పుట్టింది మన పక్కనే, మదురైలో, 1806లో. తండ్రి కంపెనీ సైన్యంలో అధికారి. కేంబ్రిడ్జిలో 1827లో గణితం పరీక్షలో నాలుగో స్థానం తెచ్చుకున్నాడు. ఎం.ఏ.కీ, ఆపైన ఫెలోషిప్‌కీ మత పరీక్ష ఉంది. సంతకం పెట్టనన్నాడు. ఇరవై ఒక్క ఏళ్ళకి కేంబ్రిడ్జి తలుపు మూసుకుపోయింది.

ఆయన అదృష్టం కొద్దీ, మత పరీక్షల వల్ల బయట మిగిలిపోయినవాళ్ళ కోసం 1826లో లండన్‌లో ఒక కొత్త విద్యాసంస్థ పెట్టారు. అక్కడ చేరడానికి మతం అడగరు, మతం బోధించరు. గిట్టనివాళ్ళు దాన్ని గోవర్ వీధిలోని దేవుడు లేని సంస్థ అన్నారు. 1828లో అది తెరిచినప్పుడు డి మోర్గాన్ అక్కడ గణిత ఆచార్యుడయ్యాడు. తర్వాత దాని పేరు యూనివర్సిటీ కాలేజీ అయింది. పరీక్షలు పెట్టి డిగ్రీలిచ్చే లండన్ విశ్వవిద్యాలయం వేరుగా 1836లో ఏర్పడింది.

కథ ఇక్కడితో ఆపేస్తే మనకి సంతోషంగానే ఉంటుంది. కానీ 1866లో అదే కాలేజీలో తత్వశాస్త్ర ఆచార్య పదవికి జేమ్స్ మార్టినో అనే పండితుణ్ణి ఆయన యూనిటేరియన్ మత బోధకుడన్న కారణంతో వద్దన్నారు. మతం అడగమన్న మాట తప్పారని డి మోర్గాన్ రాజీనామా చేశాడు. మతం ఉన్నవాణ్ణి కాదన్నా తప్పే అన్నది ఆయన లెక్క. 1883లో ఆ కాలేజీయే, నాస్తిక ప్రచారకులుగా పేరుపడిన అనీబిసెంట్‌నూ బ్రాడ్లా కూతురు ఆలిస్‌నూ వృక్షశాస్త్రం తరగతిలో చేర్చుకోం పొమ్మంది. దేవుడు లేని సంస్థకి నాస్తికులు ఎక్కువైపోయారు! (అదే అనీబిసెంట్ తర్వాత దివ్యజ్ఞాన సమాజంలో చేరి, 1898లో కాశీలో సెంట్రల్ హిందూ కాలేజీ పెట్టడం మరో విడ్డూరం.)

పాత విశ్వవిద్యాలయాలు నెమ్మదిగా దిగివచ్చాయి. ఆక్స్‌ఫర్డ్‌లో 1854లోనూ, కేంబ్రిడ్జిలో 1856లోనూ బి.ఏ. వరకు పరీక్ష తీసేశారు. పై డిగ్రీలకూ ఫెలోషిప్‌లకూ 1871 చట్టం దాకా ఆగాల్సి వచ్చింది. అంతకు ముందు, 1837లో కేంబ్రిడ్జి గణితంలో రెండో స్థానం వచ్చిన సిల్వెస్టర్ యూదుడు కావడం వల్ల డిగ్రీ లేకుండానే ఇంటికి వెళ్ళాడు. కేంబ్రిడ్జి ఆయనకి డిగ్రీ ఇచ్చింది 1872లో.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. కలకత్తా, బొంబాయి, మద్రాసు విశ్వవిద్యాలయాలు మూడూ 1857లో, సిపాయిల తిరుగుబాటు జరిగిన ఏడాదే, లండన్ నమూనాలో పుట్టాయి. బోధన కాలేజీలది, పరీక్ష విశ్వవిద్యాలయానిది. ఈ ఏర్పాటుకి మూలమైన 1854 నాటి వుడ్ డిస్పాచ్, డిగ్రీ పరీక్షల్లో మత విశ్వాసానికి సంబంధించిన విషయాలు ఉండకూడదనీ, ఏ మతం వారు నడిపే కాలేజీ అయినా అనుబంధం పొందవచ్చనీ చెప్పింది. అంటే మెట్రిక్యులేషన్ రాసే కుర్రవాడు ఏ సూత్రాలకూ సంతకం పెట్టనక్కర్లేదు. కేంబ్రిడ్జిలో ఒక యూదుడికి ఫెలోషిప్ దొరకని రోజుల్లో మద్రాసులో ఒక శైవుడికి, ఒక ముస్లింకి, ఒక క్రైస్తవుడికి ఒకే ప్రశ్నపత్రం ఇచ్చారు.

ఇది మన ప్రాచీన సహనం గొప్పదనం అని కొందరు, ఆంగ్లేయుల ఔదార్యం అని కొందరు అంటారు. నాకు రెండిట్లో ఏదీ కనిపించదు. అప్పటికే ఉన్న కాలేజీలు కొన్ని మిషనరీలవి, కొన్ని ప్రభుత్వానివి, కొన్ని స్థానిక హిందూ పెద్దలు పెట్టినవి. వీటన్నిటినీ ఒక పరీక్ష కిందికి తేవాలంటే మతాన్ని పక్కన పెట్టక తప్పదు. కంపెనీకి కావలసింది ఆఫీసుల్లో పనికొచ్చే చదువుకున్న మనుషులు. ఖర్చు తక్కువలో అయిపోయే నమూనా లండన్‌లో సిద్ధంగా ఉంది. ఉద్దేశం ఏదైనా రూలు మంచిదే వచ్చింది.

కానీ రూలు విశ్వవిద్యాలయం గుమ్మం దగ్గర మాత్రమే ఉంది. ఆ గుమ్మం దాకా రావాలంటే బడి గుమ్మం దాటాలి. 1856లో ధార్వాడ్‌లో ఒక మహర్ కుర్రవాడు ప్రభుత్వ బడిలో చేర్చుకోమని అర్జీ పెడితే బొంబాయి ప్రభుత్వం చేర్చుకోలేదు. వాడొక్కడి కోసం మిగతా పిల్లలందరినీ పోగొట్టుకోలేమన్నది వాళ్ళ సాకు. మరుసటి ఏడాది అదే రాష్ట్రంలో, పుట్టుకతో పనిలేని విశ్వవిద్యాలయం వెలసింది. ఆ కుర్రవాడికి దాంతో ఏం పని?

చంద్రముఖీ బోస్ కథ ఇంకా విచిత్రం. ఆమెది బెంగాలీ క్రైస్తవ కుటుంబం. కలకత్తాలో ఆడపిల్లల చదువుకి పేరున్న బెథూన్ స్కూలు అప్పట్లో హిందూ బాలికలకే. అందుకని ఆమెను చేర్చుకోలేదు, మిషనరీల దగ్గర చదువుకుంది. 1876లో ఎంట్రెన్స్ పరీక్ష రాస్తానంటే విశ్వవిద్యాలయం నిబంధనల్లో స్త్రీల మాటే లేదు. రాయనిచ్చారు గాని, పాసైనా ఆమె పేరు పాసైనవారి జాబితాలో వేయలేదు. 1878లో కలకత్తా విశ్వవిద్యాలయం నిబంధన మార్చి స్త్రీలను అనుమతించింది. బెథూన్ కూడా తలుపు తెరిచింది. 1883లో చంద్రముఖి, కాదంబినీ ఇద్దరూ బి.ఏ. పట్టభద్రులయ్యారు. ఆక్స్‌ఫర్డ్ స్త్రీలకు డిగ్రీ ఇచ్చింది 1920లో, కేంబ్రిడ్జి పూర్తి సభ్యత్వం ఇచ్చింది 1948లో. చంద్రముఖి 1884లో ఎం.ఏ. కూడా పూర్తిచేసి, తర్వాత బెథూన్ కాలేజీకే ప్రిన్సిపాల్ అయింది. మతం కారణంగా పిల్లగా తనను వద్దన్న చోట పెద్దయ్యాక అడ్మిషన్ల కాగితాల మీద సంతకం పెట్టిందామె.

ఇరవయ్యో శతాబ్దంలో మతం మరో దారిలో వచ్చింది. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం చట్టం (1915) ప్రకారం అన్ని కులాల, మతాల వారికీ ప్రవేశం ఉంది, కానీ హిందూ విద్యార్థులకు హిందూమత బోధన తప్పనిసరి చేయవచ్చు. అలీగఢ్ చట్టం (1920) ముస్లిం విద్యార్థులకు ఇస్లాం బోధన తప్పనిసరి చేసే వీలిచ్చింది. ఈ రెండు ఏర్పాట్లూ 1951 సవరణలతో పోయాయి. హైదరాబాదులో 1918లో మొదలైన ఉస్మానియాలో ముస్లిం విద్యార్థులకు మతశాస్త్రం, మిగతావారికి నీతిశాస్త్రం పాఠాలుగా ఉండేవి. వీటిలో ఎక్కడా చేరేటప్పుడు ప్రమాణం లేదు. చేరాక ఎవరు ఏ గదిలో కూర్చోవాలో తెలియాలి. అందుకు మతం గడి కావాలి. ఆ గడికి అప్పట్లో ఒక పని ఉండేదని ఒప్పుకోవాలి.

మద్రాసు రాష్ట్రంలో ఇంకో పని కూడా ఉండేది. కమ్యూనల్ జీవో ప్రకారం ప్రొఫెషనల్ కాలేజీల్లో ప్రతి 14 సీట్లకి బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు కలిపి 1, ముస్లింలకు 1. చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో దీన్ని కొట్టేసింది. ఆమె అసలు మెడికల్ కాలేజీకి దరఖాస్తే పెట్టలేదన్న సంగతి ఎవరూ చెప్పరు. సీటు రాదని విచారించి తెలుసుకుని నేరుగా కోర్టుకి వెళ్ళింది. రెండు నెలల్లో రాజ్యాంగానికి మొదటి సవరణ, 15(4) వచ్చాయి. నేను ఆ సవరణ పక్షం. వందల ఏళ్ళ బాకీ లెక్క తేల్చాలంటే కులం కాలమ్ ఉండి తీరాలి. మన మిత్రుల్లో కొందరు కులం, మతం రెండు గడులూ ఒకేసారి చెరిపేద్దాం అంటారు. బాకీ ఉన్నవాడు ఖాతా పుస్తకం తగలబెడదాం అన్నట్టుంటుంది నాకు.

మతం గడి విషయంలోనూ తొందరపడితే పేదవాడికే దెబ్బ. 1950 నాటి షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు ఆ హోదాని మొదట హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించింది. క్రైస్తవంలోకి మారిన దళితులు మన దగ్గర బీసీ-సి కిందికి వస్తారు. కాబట్టి దేవుడి మీద నమ్మకం లేని మాదిగ కుర్రవాడు ‘మతం లేదు’ అని రాయడానికి భయపడతాడు. ఆ భయం న్యాయమైనదే. మా మనవరాలు జనరల్ కోటాలో పోటీపడుతోంది, ఆమెకి ఆ భయం లేదు. అంటే నిజం రాయడం కూడా కొందరికే అందుబాటులో ఉందన్నమాట.

దారి లేకపోలేదు. ఆ బెథూన్ కాలేజీయే 2019లో డిగ్రీ ఆన్‌లైన్ దరఖాస్తులో మతాల జాబితాలో ‘మానవత్వం’ అన్న ఎంపిక చేర్చింది. ఆ మాట నాకు కొంచెం ఆడంబరంగా అనిపిస్తుంది, ‘లేదు’ అంటే సరిపోయేది. మన దగ్గర 2023లో తెలంగాణ హైకోర్టు, జనన ధ్రువపత్రంలో మతం లేదు, కులం లేదు అని నమోదు చేయించుకునే వీలు ఉండాలని తీర్పు చెప్పింది. పుట్టిన కాగితంలో కుదిరింది డిగ్రీ దరఖాస్తులో ఎందుకు కుదరదో నాకర్థం కాలేదు.

ఆ రాత్రి మా మనవరాలికి ఇదంతా చెప్పే సమయం లేదు. “ప్రస్తుతానికి ఇతరులు నొక్కమ్మా” అన్నాను. నొక్కింది. “అది కూడా నిజం కాదు కదా చిన్నతాతయ్యా” అంది. సీటు వచ్చింది, చేరింది కూడా.

తర్వాత సమాచార హక్కు చట్టం కింద పది రూపాయలు కట్టి మూడు ప్రశ్నలు పంపాను. మతం గడి ఏ నిబంధన కింద తప్పనిసరి చేశారు? రిజర్వేషన్ కోరని అభ్యర్థి విషయంలో ఆ సమాచారం దేనికి వాడుతున్నారు? మతం లేనివారు ఏం రాయాలి? ముప్పై రోజుల గడువులో ఇంకా పదకొండు రోజులున్నాయి.